ఒకే క్రిమి, ఎన్నో రూపాలు

మన పల్లెల్లో కుష్ఠును పెద్దరోగం అనేవారు. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ జబ్బు చాలా ఎక్కువ. ఒకరికి ఒకటి రెండు స్పర్శలేని మచ్చలతో ఆగిపోయేది. మరొకరికి ముఖం, చెవులు దళసరెక్కి ఒళ్లంతా పాకేది. ఈ తేడా ఎందుకో తెలియడానికి వందేళ్లు పట్టింది.

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠు క్రిమిని కనిపెట్టడంతో ఇది పాపఫలం కాదని తేలిపోయింది. 1919లో జపాన్ వైద్యుడు మిత్సుదా రోగుల ఒంటిమీది బుడిపెల కణజాలాన్ని మరిగించి, నూరి, రోగుల చర్మంలోకి సూదితో ఎక్కించాడు. కొద్ది మచ్చలున్నవారికి మూడు నాలుగు వారాల్లో సూది గుచ్చినచోట గడ్డ లేచింది. ఒళ్లంతా వ్యాధి పాకినవారికి ఏమీ లేవలేదు. చచ్చిన క్రిమిని సైతం కొందరి శరీరం గుర్తుపట్టింది, కొందరిది పట్టలేదు.

ఈ గుర్తింపు జరిగే తీరు 1960ల నుంచి క్రమంగా తేటతెల్లమైంది. క్రిమిలో మన శరీరం పరాయిగా గుర్తించే భాగాలే యాంటిజెన్లు. 1973లో శాస్త్రవేత్తలు స్టైన్‌మన్, కోన్ వెలుగులోకి తెచ్చిన డెండ్రిటిక్ కణాలు క్రిమిని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను లింఫు గ్రంథుల్లోని టి కణాలనే తెల్లరక్త కణాలకు చూపిస్తాయి. ఆ ముక్కకు సరిపడే టి కణమే మేల్కొని, వేలుగా పెరుగుతుంది. వాటిలో కొన్ని క్రిములను మింగే మాక్రోఫేజ్‌లను క్రిమి మీదికి ఉసిగొల్పుతాయి, కొన్ని బి కణాలనే మరో రకం తెల్లరక్త కణాలచేత యాంటీబాడీలు తయారు చేయిస్తాయి. కుష్ఠు క్రిమి కణాల లోపల దాగుతుంది కాబట్టి, కణాల లోపలికి వెళ్లలేని యాంటీబాడీలు ఎన్ని ఉన్నా దాన్ని అదుపు చేయలేవు. టి కణాలు గట్టిగా స్పందించినవారికి జబ్బు మచ్చలతో ఆగుతుంది. 1966లో వైద్యులు రిడ్లీ, జాప్లింగ్ రోగి శరీర నిరోధక స్పందన ఆధారంగానే కుష్ఠును వర్గీకరించారు.

ఇక మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో సాలూరు ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి, చిలకలపల్లిలో గాంధీ స్మారక కుష్ఠు నివారణ సంస్థ కేంద్రం రోగులను అక్కున చేర్చుకున్నాయి. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. కళ్లు మూసుకోమని చెప్పి, దూదిపోగుతో మచ్చను తాకి, తగిలినచోట వేలు పెట్టమనేవారు. మోచేతి వెనక నరం లావెక్కిందేమో తడిమి చూసేవారు. 1980ల్లో వచ్చిన బహుళ ఔషధ చికిత్స రోగుల సంఖ్యను బాగా తగ్గించింది. 2005 డిసెంబరు నాటికి దేశంలో కుష్ఠు 10,000 మందికి ఒకరికంటే తక్కువకు దిగింది.

అయినా మందులు క్రిమిని చంపాక కూడా దాని యాంటిజెన్లు ఒంట్లో మిగిలే ఉంటాయి. వాటిపై టి కణాలు ఒక్కసారిగా విరుచుకుపడితే నరం వాచి చెయ్యి పడిపోవచ్చు. కాపాడవలసిన శక్తే అలా హాని చేస్తుంది. వెంటనే స్టెరాయిడ్లు మొదలుపెడితే నరాన్ని చాలావరకు దక్కించుకోవచ్చు.

కాబట్టి స్పర్శలేని మచ్చ కనబడితే దాచుకోవద్దు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. చికిత్స పూర్తయ్యాక తిమ్మిరి, నొప్పి మొదలైనా ఆలస్యం చేయకుండా వెళ్లండి.