చందాకు ఎల్లలు లేవు, పింఛనుకు ఉన్నాయి: ప్రవాస బ్రిటిషర్ల పన్నులు, పింఛన్లపై ఒక పరిశీలన

నయాగరా జలపాతానికి ఒక ఒడ్డున అమెరికా, మరో ఒడ్డున కెనడా. ఇంగ్లండులో ఒకే రకం ఉద్యోగం చేసి, ఒకే మొత్తం నేషనల్ ఇన్సూరెన్స్ చందా కట్టి, ఒకే ఏడాది రిటైరైన ఇద్దరు బ్రిటిషర్లు చెరో ఒడ్డున కాపురం పెట్టారనుకుందాం. అమెరికా వైపు ఉన్నాయనకు బ్రిటన్ ప్రభుత్వ పింఛను ఏటా ఏప్రిల్‌లో పెరుగుతుంది. కెనడా వైపు ఉన్నాయనకు మొదటి వారం ఎన్ని పౌండ్లు వచ్చాయో పాతికేళ్ల తర్వాతా అన్నే వస్తాయి. పింఛను స్తంభనపై పోరాడే సంఘాలు తరచూ ఎత్తిచూపే ఉదాహరణ ఇది. అతిశయోక్తిలా వినిపిస్తుంది గానీ, అమల్లో ఉన్న పద్ధతి ఇదే.

దేశం విడిచి వెళ్లిన పౌరుడితో బ్రిటన్‌కు మూడు ఖాతాలు మిగులుతాయి. మొదటిది ఆదాయపు పన్ను. రెండోది పింఛను హక్కు కోసం కట్టే చందా. మూడోది పింఛను. పన్ను ఖాతా అతను ఎన్ని రోజులు ఎక్కడున్నాడో చూస్తుంది. చందా ఖాతా, నిన్నమొన్నటి దాకా, డబ్బు ఏ దేశం నుంచి వచ్చినా కాదనలేదు. పింఛను ఖాతా మాత్రం చిరునామా అడుగుతుంది. ఒకే మనిషికి సంబంధించిన ఈ మూడు లెక్కలూ మూడు వేర్వేరు కాలాల్లో, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా పెరిగాయి. వాటిలో పన్ను నిబంధనలకు ఎంత కటువైనా ఒక సూత్రం ఉంది. పింఛను స్తంభనకు చరిత్ర ఉందే తప్ప సూత్రం కనిపించదు.

పన్నుతో మొదలుపెడదాం. అమెరికా తన పౌరుడు ఎక్కడున్నా పన్ను లెక్క అడుగుతుంది. బ్రిటన్ అలా అడగదు. పౌరసత్వం కంటే నివాసానికే దాని దగ్గర విలువ. అయితే ఆ నివాసమంటే ఏమిటో చాలాకాలం చట్టంలో స్పష్టంగా లేదు. రాబర్ట్ గెయిన్స్-కూపర్ కేసు ఈ అస్పష్టతకు మంచి సాక్ష్యం. ఆ వ్యాపారి 1976లో సీషెల్స్‌కు మకాం మార్చారు. బ్రిటన్‌లో ఏటా సగటున 91 రోజుల కంటే తక్కువ ఉంటే చాలని పన్ను శాఖ పుస్తకంలో చదివినవాళ్లు నమ్మేవారు. ఆయనా అదే నమ్మారు. కానీ ఇంగ్లండులో ఆయనకు ఇల్లుంది, కుటుంబ సంబంధాలున్నాయి. రోజులు లెక్కపెట్టుకుంటే సరిపోదని, పాత జీవితంతో తెగతెంపులు స్పష్టంగా కనిపించాలని 2011 అక్టోబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. ఆయన ఓడిపోయారు.

ఆ గందరగోళానికి జవాబుగానే 2013 ఏప్రిల్ 6 నుంచి చట్టబద్ధ నివాస పరీక్ష వచ్చింది. ఏడాదిలో 183 రోజులు బ్రిటన్‌లో ఉంటే ఇక మాటే లేదు, పన్ను నివాసి. గత మూడేళ్లలో ఎప్పుడైనా నివాసిగా ఉన్న వ్యక్తి 16 రోజుల కంటే తక్కువ ఉంటే నివాసి కాదు. ఈ రెంటికీ నడుమ ఉన్నవారి విషయంలో రోజులతో పాటు బంధాలూ లెక్కకొస్తాయి: అక్కడే ఉన్న భార్య లేదా భర్త, మైనరు పిల్లలు, ఉండటానికి అందుబాటులో ఉన్న ఇల్లు, చేస్తున్న పని, గత రెండేళ్లలో ఏ ఒక్క ఏడాదైనా 90 రోజులు దాటిన బస, మిగతా ఏ దేశం కంటే బ్రిటన్‌లోనే ఎక్కువ రాత్రులు గడపడం. బంధాలు ఎన్ని ఎక్కువైతే అనుమతించే రోజులు అంత తక్కువ. రోజంటే సాధారణంగా అర్ధరాత్రి వేళ బ్రిటన్ గడ్డమీద ఉండటమే. అందుకే కొందరు సాయంత్రం విమానానికి అంత తొందరపడతారు.

నివాసి కాకపోయినంత మాత్రాన బ్రిటన్ పన్ను పూర్తిగా వదలదు. అక్కడి ఇంటి అద్దె మీద పన్ను ఉంటుంది. శాఖ అనుమతి తెచ్చుకోకపోతే అద్దె చూసే ఏజెంటు ముందే కోసేస్తాడు. 2015 ఏప్రిల్ నుంచి విదేశాల్లో ఉన్నవారు బ్రిటన్‌లో ఇల్లు అమ్మినా మూలధన లాభంపై పన్ను కట్టాలి. బ్రిటన్ పౌరులకు మాత్రం విదేశంలో ఉన్నా ఏటా 12,570 పౌండ్ల వ్యక్తిగత మినహాయింపు దక్కుతుంది. వారసత్వపు పన్ను 2025 ఏప్రిల్ నుంచి శాశ్వత స్వస్థలం ఏదన్న పాత కొలమానం వదిలి, గత 20 ఏళ్లలో 10 ఏళ్లు నివాసిగా ఉన్నారా అని అడుగుతోంది. ఇవన్నీ కటువైనవే. అయినా ఎవరు ఎందుకు కట్టాలో ముందే తెలుస్తుంది, ఒకే పరిస్థితిలో ఉన్నవారికి ఒకే జవాబు వస్తుంది.

పింఛను దగ్గరకు వచ్చేసరికి ఆ క్రమం చెదిరిపోతుంది.

2016 ఏప్రిల్ 6న లేదా ఆ తర్వాత పింఛను వయసు వచ్చినవారికి కొత్త ప్రభుత్వ పింఛను వర్తిస్తుంది. పూర్తి మొత్తానికి సాధారణంగా 35 ఏళ్ల చందా కావాలి, ఏమైనా రావాలంటే కనీసం 10 ఏళ్లు ఉండాలి. 2025-26లో పూర్తి రేటు వారానికి 230.25 పౌండ్లు. బ్రిటన్‌లో ఉన్నవారికి ఇది ఏటా ‘ట్రిపుల్ లాక్’ ప్రకారం పెరుగుతుంది. వేతనాల పెరుగుదల, ధరల పెరుగుదల, 2.5 శాతం – ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అది. ఐరోపా యూనియన్ దేశాలు, స్విట్జర్లాండ్‌లలో ఉన్నవారికీ ఆ పెంపు అందుతుంది. బ్రెగ్జిట్ తర్వాత కూడా అది ఆగలేదు. అమెరికా, ఫిలిప్పీన్స్, టర్కీ, ఇజ్రాయెల్, మారిషస్ వంటి చోట్ల ద్వైపాక్షిక ఒప్పందాల పుణ్యమా అని పెంపు వస్తుంది. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, భారత్, పాకిస్తాన్‌లలో రాదు. బ్రిటన్ రాజునే తమ రాజుగా గౌరవించే మూడు దేశాలు ఈ రెండో జాబితాలో ఉండటం విడ్డూరమే. అంతకంటే విడ్డూరం కరేబియన్‌లో కనిపిస్తుంది. లండన్ బస్సుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసి వృద్ధాప్యంలో సొంత దీవికి తిరిగి వెళ్లినవారిలో జమైకా, బార్బడోస్‌లకు చేరినవారికి పింఛను పెరుగుతుంది. ఆంటిగ్వా, ట్రినిడాడ్‌లకు వెళ్లినవారికి పెరగదు. బ్రిటన్ యుద్ధం చేసి నిలబెట్టుకున్న ఫాక్లాండ్ దీవుల్లోనూ పెరగదు.

ఈ తేడాకు కారణం వెతికితే ఒప్పందాల తేదీలే దొరుకుతాయి. రెండో ప్రపంచ యుద్ధానంతర దశాబ్దాల్లో బ్రిటన్ కొన్ని దేశాలతో సామాజిక భద్రత ఒప్పందాలు చేసుకుంది. వాటిలో కొన్నింటిలో పెంపు షరతు చేరింది, కొన్నింటిలో చేరలేదు. 1981 తర్వాత పెంపు కోసం కొత్తగా ఒప్పందాలు కుదుర్చుకోవడం ఆగిపోయింది. కెనడా పదేపదే అడిగినా ఫలితం లేకపోయింది. ఆస్ట్రేలియా అయితే విసిగి 2001 మార్చి 1 నుంచి బ్రిటన్‌తో ఉన్న ఒప్పందాన్నే రద్దు చేసుకుంది. దాని కోపానికి లెక్క ఉంది. ఆస్ట్రేలియా వృద్ధాప్య పింఛను ఆదాయాన్ని బట్టి ఇచ్చేది. బ్రిటన్ నుంచి వచ్చేది గడ్డకట్టిపోతే, ఆ లోటులో కొంత ఆస్ట్రేలియా ఖజానా పూడ్చాలి.

న్యాయస్థానాల్లోనూ పోరు జరిగింది. అనెట్ కార్సన్ ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం బ్రిటన్‌లో గడిపి, 1989లో దక్షిణాఫ్రికాకు వెళ్లారు. అక్కడి నుంచి కూడా స్వచ్ఛందంగా చందా కడుతూ వచ్చారు. 2000లో పింఛను మొదలయ్యేనాటికి పాత పద్ధతిలోని మూల పింఛను వారానికి 67.50 పౌండ్లు. పెంపు ఇవ్వకపోవడం వివక్షేనని ఆమె కేసు వేశారు. 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడారు. మరో పన్నెండు మందితో కలిసి ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తలుపు తట్టారు. 2010 మార్చి 16న గ్రాండ్ ఛాంబర్ 11–6 తేడాతో ప్రభుత్వం పక్షానే నిలిచింది. విదేశాల్లో ఉన్నవారి పరిస్థితిని బ్రిటన్‌లో ఉన్నవారితో పోల్చలేమని, చందాకూ పింఛనుకూ విడదీయరాని లంకె లేదని, చందా మొత్తం ప్రభుత్వ ఆదాయ వ్యవస్థలో ఒక భాగమని న్యాయస్థానం తేల్చింది. స్వదేశంలోని జీవన వ్యయానికి తగ్గట్టు రూపొందిన పింఛనును ప్రపంచమంతటా పెంచుకుంటూ పోనక్కర్లేదన్నది దాని సారాంశం.

చట్టపరంగా ఆ వాదన నిలుస్తుంది. విధానంగా చూస్తే దానికో పెద్ద చిల్లు ఉంది. జీవన వ్యయమే ప్రమాణమైతే ఫిలిప్పీన్స్‌లో పెంపు ఎందుకు, ఆస్ట్రేలియాలో స్తంభన ఎందుకు? న్యాయమూర్తులు ఆ ప్రశ్నను ప్రభుత్వాలకు వదిలేశారు. లేబర్, కన్జర్వేటివ్ ప్రభుత్వాలు రెండూ ఖర్చు పేరు చెప్పి దాటవేశాయి. 2000లో 67.50 ఉన్న అదే మూల పింఛను 2025-26లో 176.45 పౌండ్లు. అంటే పాత రేటులోనే ఉండిపోయిన మనిషికి వారానికి సుమారు 109 పౌండ్ల కోత. ఏడాదికి లెక్కిస్తే 5,600 పౌండ్లు దాటుతుంది. అతను బ్రిటన్‌కు చుట్టపుచూపుగా వస్తే ఆ కొన్ని వారాలకు కొత్త రేటు అందుతుంది. విమానమెక్కి తిరిగి వెళ్లగానే మళ్లీ పాత రేటు.

ఇక చందా. విదేశాల్లో ఉన్నవారు లోటు పడిన ఏళ్లకు డబ్బు కట్టి హక్కు నింపుకోవచ్చు. ఇందులో క్లాస్ 2, క్లాస్ 3 అని రెండు రకాలుండేవి. విదేశంలో పనిచేస్తూ, వెళ్లేముందు బ్రిటన్‌లోనూ పనిలో ఉన్నవారికి చౌకైన క్లాస్ 2 దొరికేది. 2025-26లో అది వారానికి మూడున్నర పౌండ్లు, ఏడాదికి 182. క్లాస్ 3 వారానికి 17.75, ఏడాదికి 923. ఒక ఏడాది చందా పింఛనులో 35వ వంతు తెస్తుంది, అంటే వారానికి సుమారు 6.58 పౌండ్లు. క్లాస్ 2లో పెట్టిన డబ్బు పింఛను మొదలైన ఏడు నెలల లోపే తిరిగొస్తుంది. క్లాస్ 3కైతే రెండున్నర ఏళ్లు దాటాలి. ఇంత లాభసాటి బేరం మార్కెట్లో ఎక్కడా దొరకదు.

ఈ బేరం హైదరాబాద్‌నూ తాకింది. రెడింగ్‌లోనో లండన్‌లోనో అయిదేళ్లు పనిచేసి తిరిగొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరును తీసుకుందాం. జీతంలోంచి నేషనల్ ఇన్సూరెన్స్ కోత పడింది. పదేళ్లు నిండలేదు కాబట్టి పింఛను సున్నా, కట్టింది వెనక్కి రాదు. కానీ పాత నిబంధనల్లో మూడేళ్ల నివాసమో, మూడేళ్ల చందానో ఉంటే చాలు, ఇంటి నుంచే క్లాస్ 2 కట్టుకునే వీలుండేది. మరో అయిదేళ్లకు 910 పౌండ్లు కడితే పదేళ్లు పూర్తయ్యేవి. 2025-26 రేటు ప్రకారం వారానికి 65 పౌండ్లకు పైగా, ఏడాదికి 3,400 పౌండ్లకు పైగా హక్కు పుట్టేది. భారత్ స్తంభన జాబితాలో ఉంది కాబట్టి ఆ మొత్తం ఆ తర్వాత పెరగదు. నేషనల్ హెల్త్ సర్వీస్‌లో దశాబ్దాలు పనిచేసి గుంటూరుకో విశాఖకో తిరిగొచ్చిన డాక్టరుకూ ప్రభుత్వ పింఛను వరకు ఇదే గతి. ఆయన ఉద్యోగ పింఛను వేరే పథకం కింద వస్తుంది గనుక, చిరునామాతో నిమిత్తం లేకుండా పెరుగుతుంది.

2025 నవంబరు బడ్జెట్ ఈ ద్వారాన్ని మూసింది. 2026 ఏప్రిల్ 6 నుంచి విదేశాల్లో ఉన్నవారికి క్లాస్ 2 ఉండదు. క్లాస్ 3 కట్టాలన్నా ముందుగా మూడేళ్లకు బదులు పదేళ్ల నివాసమో చందానో ఉండాలి. కొద్దికాలం ఉండి వెళ్లినవారికి ఇంత చవగ్గా పింఛను ఎందుకన్న ప్రభుత్వ వాదనలో సబబు లేకపోలేదు. కాకపోతే అదే బడ్జెట్ స్తంభన జోలికి పోలేదు. నిండా 35 ఏళ్లు కట్టి టొరంటోలో ఉన్నవారికి పాత రేటే మిగిలింది.

రాజకీయంగా మాత్రం ఒక కొత్త అంశం చేరింది. పదిహేనేళ్లు విదేశాల్లో ఉంటే ఓటు పోయే నిబంధన 2024 జనవరి 16న రద్దయింది. ఆస్ట్రేలియా, కెనడాల్లోని పింఛనుదారులకు జీవితాంతం ఓటుంది. అయితే ఆ ఓట్లు వారు చివరిగా నివసించిన నియోజకవర్గాల మధ్య చెల్లాచెదురై పోతాయి. ఇక చందా విషయంలో, తాత్కాలికంగా బ్రిటన్ వెళ్లే భారతీయ ఉద్యోగుల సంగతి వేరు. 2025 మేలో ప్రకటించిన ద్వైపాక్షిక అవగాహన ప్రకారం, భారతీయ కంపెనీ పంపిన ఉద్యోగి మూడేళ్ల వరకు సొంత దేశంలోనే చందా కడితే చాలు, బ్రిటన్‌లో మళ్లీ కట్టనక్కర్లేదు. ఆ సర్దుబాటు చందాకే పరిమితం. భారత్‌లో ఉంటున్న బ్రిటిష్ పింఛనుదారులకు ఏటా పెంపు ఇవ్వాలన్న షరతు అందులో లేదు.