తెలుగు ఉన్నత విద్యాబోధనలో డిజిటల్ సాధనాలు: లిపి సంకేతీకరణ కోణంలో చారిత్రక పరిశీలన

1.0 ప్రవేశిక

ఉన్నత విద్యలో డిజిటల్ బోధన అనగానే 2020 మార్చి నాటి లాక్‌డౌన్, దాని వెంట వచ్చిన జూమ్, గూగుల్ మీట్ తరగతులు ముందుగా స్ఫురిస్తాయి. తెలుగు శాఖల విషయంలో ఈ దృష్టి అసంపూర్ణం. వాణిజ్యశాస్త్రం, భౌతికశాస్త్రం వంటి విషయాలకు ఆంగ్లంలో సిద్ధంగా దొరికిన సామగ్రి తెలుగు సాహిత్య బోధకునికి దొరకలేదు. తెలుగు అక్షరం యంత్రంలో స్థిరపడిన తీరును బట్టే ఏ సాధనం తెలుగు తరగతికి ఎంతవరకు పనికివచ్చిందో తేలింది. ఆ క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2.0 ప్రసార దశ

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్ ద్వారా ఉన్నత విద్యా ప్రసారాలను ప్రారంభించింది. అవి ప్రధానంగా ఆంగ్లంలో సాగాయి. విద్య కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి నింగికెగిసింది. ఈ దశలో పాఠం ధ్వనిగా, దృశ్యంగా ప్రయాణించింది. కనుక లిపి సమస్య ఇంకా ముందుకు రాలేదు.

3.0 అక్షరం చుట్టూ

1991 తెలుగు లిపికి కీలకమైన సంవత్సరం. భారతీయ లిపుల జాతీయ ప్రమాణం ఇస్కీ, తెలుగుకు 128 స్థానాలు కేటాయించిన యూనికోడ్ తొలి కూర్పు రెండూ ఆ ఏడాదే వెలువడ్డాయి. అయినా విశ్వవిద్యాలయాల్లో ఆచరణ మరో దారి పట్టింది. ప్రశ్నపత్రాలు, దూరవిద్య పాఠాలు, సిద్ధాంతగ్రంథాలు డి.టి.పి. కేంద్రాల్లో అను, శ్రీలిపి వంటి ప్యాకేజీలతో తయారయ్యాయి. వీటిలో ప్రతి ఫాంటుకూ సొంత సంకేతపద్ధతి ఉండేది. కాగితం మీద అచ్చు ముచ్చటగా వచ్చేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు అర్థంకాని రోమన్ గుర్తుల కుప్పగా కనిపించేది. ఈ ప్యాకేజీలు తెలుగు ముద్రణకు చేసిన మేలును తక్కువ చేయనవసరం లేదు. అయితే అవి అచ్చు కోసం పుట్టినవి, వెతకడం కోసం కాదు.

ఈ తేడా పర్యవసానం పరిశోధనలో బయటపడింది. 2009 నాటి యు.జి.సి. నిబంధనలు సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని తప్పనిసరి చేశాయి. శోధగంగలో తెలుగు గ్రంథాలు చేరాయి. పాత ఫాంటుతో తయారైన ప్రతి కంటికి కనిపిస్తుంది, శోధనకు చిక్కదు. ఒక అంశంపై ఇంతకుముందు ఏం జరిగిందో తెలుసుకోవాలంటే పరిశోధకుడు శీర్షికలనే నమ్ముకోవలసి వస్తుంది. పునరుక్త పరిశోధనపై తెలుగు శాఖలను నిందించేవారు ఈ సాంకేతిక కారణాన్ని పట్టించుకున్నది తక్కువ.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడ్‌ను సాధారణ వినియోగదారుకు చేరువ చేసింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అంతటితో లిపి సమస్య ముగియలేదు. దంత్య చ, జలను సూచించే ౘ, ౙ అక్షరాలకు యూనికోడ్‌లో స్థానం లభించింది 2008లో. ప్రాచీన శాసనాల్లో కనిపించే ఴ 2014లో చేరింది. నకారపొల్లు 2021 దాకా ఆగవలసి వచ్చింది. రేనాటి చోళుల శాసనాలు బోధించే అధ్యాపకుడు ‘చోఴ’ అన్న మాటను తెరమీద ఉన్నదున్నట్లు చూపగలగడం, ఈ లెక్కన, చాలా ఇటీవలి సౌకర్యం.

4.0 బొమ్మ, పాఠం

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో సాగిన డిజిటల్ గ్రంథాలయ ఉద్యమం వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించింది. అలభ్య గ్రంథాలు జిల్లా కళాశాలల విద్యార్థికి కూడా అందాయి. కాని పుటలు బొమ్మలుగానే ఉండిపోయాయి. పేర్లను రోమన్ లిపిలో ఒకే పద్ధతి లేకుండా నమోదు చేయడం వల్ల ఒక పుస్తకం కోసం నాలుగైదు రకాలుగా వెతకవలసి వచ్చేది. దీనికి భిన్నంగా ఆంధ్రభారతి నిఘంటుశోధన శబ్దరత్నాకరం మొదలైన కోశాలను టైపు చేసిన పాఠంగా అందించింది. పద్యంలోని ఒక పదానికి తరగతిలోనే అనేక కోశాల అర్థాలు చూపగలగడం దానివల్లనే సాధ్యమైంది. తక్కువ గ్రంథాలతోనైనా బోధనకు ఇదే ఎక్కువ ఉపకరించిందని చెప్పవచ్చు.

5.0 2020 తరువాత

లాక్‌డౌన్ కాలంలో గూగుల్ క్లాస్‌రూమ్ కంటె వాట్సాప్ తెలుగు తరగతికి సహజంగా అమరింది. పద్యపఠనానికి లయ ముఖ్యం. నెట్‌వర్క్ తడబడినప్పుడు ప్రత్యక్ష తరగతిలో పాదం విరిగిపోతుంది, ముందే పాడి పంపిన శ్రవ్యసందేశంలో నిలుస్తుంది. ఛందస్సు బోధనలో మరో చిక్కు ఎదురైంది. అక్షరం మీద గురులఘు చిహ్నాలు పెడితే, ఫోను మారగానే వాటి వరుస చెదిరిపోతుంది. నల్లబల్ల మీద ఈ ఇబ్బంది ఎన్నడూ లేదు.

‘ఛందం’ వంటి సాఫ్ట్‌వేర్ పద్యాన్ని గ్రహించి గణవిభజన, యతిప్రాసలు క్షణంలో చూపుతుంది. విద్యార్థి స్వయంగా గణాలు విడదీసిన తరువాత సరిచూసుకోవడానికి ఇది గొప్ప తోడు. ముందే ఇస్తే గురులఘువులు గుర్తించే అభ్యాసం మొదలుకాకుండానే ఆగిపోతుంది. సాధనం ఒకటే, పాఠంలో దాని చోటు మారితే ఫలితం మారుతుంది.

ఇక శాఖల అలమరాల్లో పాత సీడీలలో ఉన్న డి.టి.పి. ఫైళ్ల సంగతి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పరివర్తకాలు అందుబాటులో ఉన్నాయి. మార్పిడిలో ఒత్తులు, గుణింతాలు కొన్నిచోట్ల తారుమారవుతాయి కనుక మూలంతో పోల్చి దిద్దాలి. స్నాతకోత్తర విద్యార్థుల ప్రాజెక్టుగా ఈ పనిని అప్పగిస్తే పాఠపరిష్కరణలో శిక్షణా, శోధనకు లొంగే గ్రంథమూ ఒకేసారి సమకూరుతాయి. అయితే ఆ సీడీలను చదవగల కంప్యూటర్లు ఏటేటా తగ్గిపోతున్నాయి.