నాలుగో వేలిముద్ర

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండా. మూడింటికి మీ స్లాట్. పక్క బల్ల మీద అమ్మ, చెల్లి. ఎదురుగా కొనేవాడు, ఒళ్లో సంచి.

దస్తావేజు లేఖరి కాగితాలు తిరగేస్తూ ఆగుతాడు.

"ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో నలుగురున్నారు. తమ్ముడుగారేరండీ?"

మీ నోరు ఎండిపోతుంది. తమ్ముడు 2021లో పనికని హైదరాబాద్ వెళ్లాడు. కొన్నాళ్లకే ఫోను మూగబోయింది. మిస్సింగ్ కేసు ఎఫ్‌ఐఆర్ కాపీ ఫైల్లోనే ఉంది, మడతల దగ్గర చిరిగి.

ఇల్లు నాన్న స్వార్జితం. వీలునామా రాయలేదు. కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ ముగ్గురు పిల్లలకూ తలా పావు వంతు. మనిషి కనపడకపోయినా ఆ పావు వంతు అక్కడే ఉంటుంది.

"మా మూడు వాటాలే రాసిస్తాం" అంటారు మీరు.

చట్టం ఒప్పుకుంటుంది. కొనేవాడు ఒప్పుకోడు. "రేపు ఆయనొచ్చి గుమ్మంలో నిలబడితే?"

బ్రోకరు మిమ్మల్ని మెట్ల కిందికి లాగుతాడు. గొంతు తగ్గిస్తాడు.

"ఆ వయసు కుర్రాడొకడున్నాడు అన్నా. వేలిముద్ర వేసి పోతాడు. కార్డు సంగతి నేను చూసుకుంటా."

లోపల మీ నంబరు పిలుస్తున్నారు. చెల్లి లేచింది. కొనేవాడు గడియారం చూస్తున్నాడు. మళ్లీ పిలిచారు. ఊ అంటే చాలు. అయిపోతుంది.

ఒకరి బదులు ఇంకొకరిని నిలబెడితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. బ్రోకర్లు ఈ ముక్క చెప్పరు. సంతకం పెట్టేది వాళ్లు కాదు కదా.

"వద్దు."

రోడ్డు దాటితే లాయరు గది. ఫైలు చూసి ఆయన రెండు దారులు చెబుతాడు. మామూలుగా కబురు తెలియాల్సిన వాళ్లకు ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే, మనిషి చనిపోయినట్టు కోర్టు భావించవచ్చు. భారతీయ సాక్ష్య అధినియమ్ 111వ సెక్షన్. 2028 దాకా ఆగాలి. ఆగినా అది దానంతటదే జరగదు, దావా వేసి తేల్చుకోవాలి.

"పెళ్లికాలేదు కాబట్టి, అలా తేలితే అతని వాటా అమ్మగారికే వస్తుంది."

"నాకొద్దు" అంటుంది అమ్మ వెంటనే. "పోయాడని రాయకండి బాబూ."

మరైతే పార్టిషన్ దావా. అందులో తమ్ముడు బతికే ఉంటాడు, ప్రతివాదిగా. చివరి చిరునామాకు నోటీసు వెళ్తుంది. తిరిగొస్తే కోర్టు అనుమతితో పేపర్లో ప్రకటన. అప్పటికీ రాకపోతే అతను లేకుండానే విచారణ. ఇల్లు ముక్కలు చేయలేనిదైతే, సగానికి తగ్గని వాటా ఉన్నవాళ్లు 1893 పార్టిషన్ చట్టం కింద అమ్మించమని అడగొచ్చు. మీ ముగ్గురిదీ కలిపి ముప్పావు. తమ్ముడి వాటా డబ్బు కోర్టులో జమ చేయించమని కోరవచ్చు.

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

లాయరు తేదీ చెప్పడు. తెల్లకాగితం తీసి, తమ్ముడు చివరగా ఉన్న హాస్టల్ అడ్రసు అడుగుతాడు. చెల్లి ఫోన్లో వెతుకుతోంది.

మీ ఫోన్ మోగుతుంది. కొనేవాడు. అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారని అడుగుతున్నాడు.