వైరశుద్ధి : దివిసీమ చరిత్రలో నొక నిదర్శనము

పగ తీర్చుకొనుట న్యాయమా, కాదా యను ప్రశ్నము భారతము పాఠము చెప్పు ప్రతి పండితునకు నెదురగునదే. భీముని ప్రతిజ్ఞ విన్నపుడు బాలురు సంతసింతురు. అశ్వత్థామ చేసిన నిశావధ విన్నపుడు రోఁతపడుదురు. రెండును బగయే కదా, యొకటి మెచ్చి యొకటి నిందించుట యేల యని వారిలో నొకఁడైన నడుగక మానఁడు. దీనికి సమాధానము వెదకువారు ముందుగాఁ గోశము నాశ్రయించుట మేలని నా తలంపు.

అమరసింహుఁడు క్షత్రియవర్గమున నీ యర్థమునకు వైరశుద్ధి, ప్రతీకారము, వైరనిర్యాతనము అను మూఁడు పదములు పఠించెను. ఇందు వైరశుద్ధి యనఁగా వైరమను మాలిన్యమును గడిగివేయుట. ప్రతీకారము ప్రతిపూర్వకమైన కృఞ్ ధాతువునకు ఘఞ్ ప్రత్యయము చేరఁగా నేర్పడినది; ఉపసర్గమునకు దీర్ఘము బహుళమని పాణిని విధించుటచేఁ బ్రతికారమనియు, బ్రతీకారమనియు రెండు రూపములు సాధువులు. ఈ పదమే వైద్యమున రోగమునకుఁ జేయు చికిత్సను జెప్పును. ఇఁక నిర్యాతనము. నానార్థవర్గమున దీనికి వైరశుద్ధి, దానము, న్యాసార్పణము అని మూఁడర్థములు కలవు. తన కడ దాఁచిన సొమ్మును యజమానునకు మరల నప్పగించుట న్యాసార్పణము. పగ తీర్చుటకును, సొత్తు తిరిగి యిచ్చుటకును నొక్కటే మాట యగుట గమనింపవలసిన విషయము. మన తెనుఁగునను బగ "తీఱును". అప్పును, దాహమును దీఱినట్లే తీఱును. కావునఁ బగకుఁ బరమార్థము ఎదిరి చచ్చుట కాదు, వైరము ముగియుట యని శబ్దమే చెప్పుచున్నది. ఈ కొలఁతతోఁ గావ్యములను, బిమ్మటఁ జరిత్రను బరీక్షింతము.

ద్రౌపదీపరాభవమునాఁడు సభలో రాజును, భీష్మద్రోణులును ఉండిరి. దండింపవలసినవారు మిన్నకుండిరి. ధర్మాసనము మూఁగవోయినచోట బాధితుఁడు తానే దండధరుఁ డగుట తప్పదని కవి సూచించెను. భీమ ప్రతిజ్ఞకు సమర్థన మదియే. అయినను యుద్ధమునకు ముందు రాయబారములు నడచినవి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలునఁ దెలుఁగు పండితులుగా నుండిరి. ఆయనయుఁ దిరుపతిశాస్త్రిగారును గూర్చిన పాండవోద్యోగ విజయ నాటకములను గృష్ణామండలపు టూళ్లు రాత్రులు మేల్కొని చూచినవి. ఆ నాటకములలో రాయబార ఘట్టమునకుఁ గల ప్రసిద్ధి యుద్ధ ఘట్టములకు లేకుండుట మన ప్రేక్షకుల వివేకమును దెలుపును. సంధికిఁ జేయవలసిన యత్న మంతయుఁ జేసిన పిమ్మటనే పగకుఁ జోటు.

కాని యిట్టి పగయు మేర దాఁటెనేని క్రొత్త వైరమును గనును. గదాయుద్ధ నియమమునకు విరుద్ధముగా భీముఁడు దుర్యోధనుని తొడలు విఱుగఁగొట్టెను. అశ్వత్థామ తన దుష్కృత్యమునకుఁ జూపిన సాకులలో నదియు నొకటి. రాత్రివేళఁ గాకుల గూళ్లపైఁ బడిన గుడ్లగూబ యతనికి గురు వయ్యెను. ధృష్టద్యుమ్నుఁడును, నుపపాండవులును ఆ రాత్రియే హతులైరి.

ఈ గొలుసునకు మొదటి కొస ద్రుపదుని కడ నున్నది. ద్రోణుఁడు శిష్యులచే ద్రుపదుని గట్టి తెప్పించి, చంపక విడిచెను. సగము రాజ్యము తిరిగి యిచ్చెను. పైకిఁ జూడ నిది క్షమయే. ఐనను అహిచ్ఛత్రముతోఁగూడిన యుత్తరపాంచాలమును దాను గైకొని, యిపుడు మన మిరువురము సమానులమని పరిహసించెను. ప్రాణమును దక్కించి మానమును హరించిన యా క్షమ ద్రుపదుని గుండెలో నిప్పై, యజ్ఞకుండమున వెలువడినది. ద్రోణవధార్థమై ధృష్టద్యుమ్నుఁడు పుట్టిన యా యగ్నియందే ద్రౌపదియుఁ బుట్టినది. చంపకుండుట మాత్రమే వైరశుద్ధి కాదని యిందువలనఁ దేలుచున్నది.

మఱి వైరము నిజముగాఁ దీఱిన తావు కలదా? కలదు, అది మన దివిసీమయే. 12వ శతాబ్ది చివరఁ బలనాటి దాయాదులు పగచేఁ గారెమపూఁడి కడఁ బోరి నశించిరి. వెలనాటి ప్రాబల్యము క్షీణించుటకు నా యుద్ధము నొక హేతువుగాఁ జరిత్రకారులు గణింతురు. ఓరుగంటను నాపద వచ్చినది. దేవగిరి యాదవులతోడి పోరులఁ గాకతీయులు దెబ్బతినిరి. బాలుఁడైన గణపతిదేవుఁడు వారికిఁ జెఱపడెను. యాదవరాజైన జైతుగి యతనిని విడిచి రాజ్యమున నిలిపెనని యాదవ శాసనములు చెప్పుచున్నవి. 1199లో రాజ్యమునకు వచ్చిన గణపతిదేవుఁడు శత్రువు దయ యెట్టిదో యనుభవమున నెఱిఁగినవాఁడు.

13వ శతాబ్ది తొలి దశకమున నతఁడు తీరాంధ్రముపై దండెత్తెను. వెలనాటి పృథ్వీశ్వరుఁడు యుద్ధమునఁ గూలెను. అతని తలను బంతిగా నాడిన విలాసము ఆనాఁటి రాజబిరుదములలో నొకటిగా నిలిచినది. దివి నేలుచుండిన యయ్యవంశీయులు వెలనాటి రాజులను గొలిచినవారు. ద్వీపము కాకతీయుల వశమైన పిమ్మట వారికిని ఆ గతియే పట్టునని యెవ్వరైన నెంచియుందురు. జరిగినది వేఱు. గణపతిదేవుఁడు పినచోడినాయకుని రాజ్యము నతనికే విడిచెను. అతని కూఁతుండ్రగు నారమ, పేరమలను వివాహమాడెను. కుమారుఁడగు జాయనను జేరఁదీసి గజసాహిణిగా నియమించెను. ఈ జాయన 1213 నాఁటి చేఁబ్రోలు శాసనమునఁ దన వంశచరిత్రను జెప్పికొనెను. 1231లో దివిసీమయందు శివాలయమును గట్టించి తన ప్రభువు పేర గణపేశ్వరమని నామకరణము చేసెను. తండ్రి నోడించిన రాజు పేరును గొడుకు తన సొంత గడ్డపై దేవునకుఁ బెట్టుట లోకమున సామాన్యము కాదు. ఆ యూరు నేఁటికి నా పేరనే యున్నది. తుదకు 1253-54లో నతఁడు ఎనిమిది యధ్యాయముల నృత్తరత్నావళిని రచించెను. వే. రాఘవన్‌గారి పరిష్కరణమున నా గ్రంథము 1965లో మద్రాసున వెలువడినది.

ఇది క్షమ కాదు, రాజనీతియే యని కొంద ఱాక్షేపింపవచ్చును. కడలి తీరముపైఁ బట్టు గణపతిదేవునకుఁ గావలసియుండెను. ఓడ వర్తకులకు నభయమిచ్చిన 1244 నాఁటి మోటుపల్లి శాసనమే యందులకు సాక్షి. నదీముఖమునందలి దివిని నమ్మకస్థుల చేత నుంచుట యతనికి లాభమే. ఈ యాక్షేపమును నేను ద్రోసిపుచ్చను. కాని లాభము ద్రోణునకును గలదు. సగము రాజ్యము దక్కినది. ఇరువురకును భేద మెందున్నది? ద్రోణుఁడు సగమిచ్చి యవమానించెను. గణపతిదేవుఁడు రాజ్యమును మరల నిచ్చి యల్లుఁడై, యోడినవానికి మామగారి స్థానమును గల్పించెను. వైరశుద్ధికి మనస్సులోని యుద్దేశము కంటె ఫలమే ప్రమాణము. 1213 మొదలు 1253 వఱకు నలువదేండ్లు జాయన విశ్వాసము చెదరలేదు. న్యాసార్పణమను నర్థమునఁ జేసిన నిర్యాతన మిదియే.

ఈ నేల కిట్టి బోధ క్రొత్తయుఁ గాదు. గుడివాడ, ఘంటసాలలందలి స్తూపశేషములు తథాగతుని ధర్మము ఇచట వర్ధిల్లిన కాలమును దెలుపుచున్నవి. ఆ ధర్మపు వినయపిటకమున దీర్ఘాయుకుమారుని కథ యున్నది. తలిదండ్రులను జంపించిన కాశీరాజు తన యొడిలో నిదురించుచుండఁగా నతఁడు మూఁడుమాఱులు కత్తి దూసి, తండ్రి మాట దలఁచి మూఁడుమాఱులును ఒరఁ జేర్చెను. రాజు మేలుకొని, యతని రాజ్యమును మరల నిచ్చి తన కూఁతు నొసఁగెను. గణపతిదేవుఁ డీ కథ వినెనని చెప్పుట కాధారము లేదు. అయినను రెండుచోట్లను వైరము తీఱిన విధ మొక్కటియే.

కావున విద్యార్థి ప్రశ్నకు మన మీయఁదగిన యుత్తరము ఇది. న్యాయస్థానము మూఁగవోయినపుడు, సంధియత్నము విఫలమైనపుడు, పగ కొంత సమర్థనీయమే. భీముఁ డందులకు నిదర్శనము. మేర దాఁటిన పగకు సమర్థనము లేదు. అశ్వత్థామ యందులకు నిదర్శనము. అవమానముతోఁ గూడిన క్షమయుఁ బగయే. ద్రోణుఁ డందులకు నిదర్శనము. వైరమును నిశ్శేషముగాఁ దీర్చినదానికి నిదర్శనము కావలసినచో దివిసీమ కేగి గణపేశ్వరము పేరు వినిపింపవలయును. భారతముతోడి పాఠమున నీ శాసనకథనుగూడఁ జేర్చి చెప్పుట పాఠశాలాపండితులకు దుష్కరము కాదు. గుణదోషములను విద్వాంసులు విమర్శింతురు గాక.