కాఫీ గింజ వెనుక సంఘాలు

మా కర్నూలు, కడప సీమలో కాఫీ మొక్క బతకదు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. కాఫీకి అంతకు రెట్టింపైనా కావాలి. కొండగాలీ, పెద్ద చెట్ల నీడా కావాలి. అయినా పొద్దున్నే కాఫీ చుక్క గొంతులో పడనిదే పని మొదలుపెట్టని ఇళ్ళు ఇక్కడా ఉన్నాయి. మాదీ ఆ కోవలోనిదే. ఆ మధ్య అరకు కాఫీ పొట్లం ఒకటి ఇంటికి తెచ్చుకున్నాక, ఒక కొండరైతు గింజకు ఇంత పేరు ఎట్లా వచ్చిందా అన్న ప్రశ్న నన్ను వదలలేదు. వెతికితే రుచి కథకన్నా సంఘాల కథే ఎక్కువ కనిపించింది.

1930ల ఆర్థిక మాంద్యంలో కాఫీ ధరలు కూలిపోయినప్పుడు, 1935లో కాఫీ సెస్ కమిటీ ఏర్పడింది. పట్టణాల్లో కాఫీ హౌసులు తెరిచి జనానికి కాఫీ అలవాటు చేసింది ఆ కమిటీయే. రెండవ ప్రపంచయుద్ధంలో ఐరోపా విపణి మూతపడగా 1942లో కాఫీ చట్టం, దానితో కాఫీ బోర్డు వచ్చాయి. రైతు తన పంటను బోర్డువారి ఉమ్మడి రాశికి అప్పగించాలి. బోర్డు వేలం వేస్తుంది. సొమ్ము వాయిదాల్లో అందుతుంది. కష్టకాలంలో అది గొడుగే. కానీ ఆ రాశిలో పడ్డాక గింజకు రకమూ తరగతీ మిగిలేవి గాని, పండించినవాని ఊరూ పేరూ మిగిలేవి కావు. శ్రద్ధగా ఎండబెట్టినవాని గింజా, అంతంతమాత్రంగా ఎండబెట్టినవాని గింజా ఒకే కుప్పలో కలిసేవి. 1990లలో ఈ కట్టుబాటు మెల్లమెల్లగా సడలి, 1996 నాటికి తొలగిపోయింది.

ఈలోగా అమెరికాలో వేరొక ఆలోచన మొలకెత్తింది. 1974లో ఎర్నా నూట్సెన్ అనే కాఫీ వర్తకురాలు, ప్రత్యేకమైన నేలలో, వాతావరణంలో పండి తనదైన రుచిగల కాఫీని 'స్పెషాల్టీ కాఫీ' అన్నది. 1982లో అమెరికాలోనూ, 1998లో ఐరోపాలోనూ ఆ పేరుతో సంఘాలు వెలిశాయి. 2017లో రెండూ ఒకటయ్యాయి. నూటికి ఎనభై మార్కులు దాటిన కాఫీకే ఆ గౌరవం అన్న కొలబద్ద వ్యాప్తిలోకి వచ్చింది. రుచి చూసేవాని ముందు కప్పు మాత్రమే ఉంటుంది; అది జమీందారు తోటదా, ఎకరం రైతుదా అన్నది కప్పు చెప్పదు. చిన్నరైతుకు ఇంతకన్నా పెద్ద న్యాయం ఏముంటుంది?

ఆ న్యాయం దాకా చేరడానికి మాత్రం ఒంటరి రైతు చాలడు. విశాఖ మన్యంలో 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. 1995లో మన రాష్ట్రం చేసిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం మరో దారి తెరిచింది: సర్కారు వాటా ధనం లేకుండా, సభ్యులే తమ సంఘాన్ని నడుపుకోవచ్చు. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో అరకు గిరిజన రైతులు ఆ దారినే సంఘం కట్టుకున్నారు. పండిన ఎర్రని పండ్లనే కోయడం, వాటిని ఒకచోట చేర్చి ఒకే పద్ధతిలో శుద్ధి చేయడం అక్కడ నియమమైంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం వెలసింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దానికి దరఖాస్తు చేసినది, ఒకనాడు పేర్లను రాశిలో కలిపేసిన కాఫీ బోర్డే! మన్యంలో గింజంతా ఇప్పటికీ ఈ దారిన పోవడం లేదు. దళారి సంచిలోకి పోయేదీ ఉంది. కానీ దారంటూ ఒకటి పడింది.

ఇదంతా చదువుతున్నంతసేపూ నా మనసు బనగానపల్లె చుట్టూనే తిరిగింది. ఆ మామిడికి భౌగోళిక గుర్తింపు అరకు కాఫీకన్నా ముందే, 2017లో వచ్చింది. అర్జీ పెట్టినది రాష్ట్ర ఉద్యానశాఖ. పేరు లోకమంతా ఎరిగినదే. కానీ పూత దశలోనే తోటను గుత్తకిచ్చేసే రైతుకు ఆ పేరుతో పనేముంది? కాయ మండీలో కుప్పగా పడ్డాక అది ఎవరి తోటదో ఎవరడుగుతారు? కాఫీవాళ్ళు 1996లో వదిలించుకున్న ఉమ్మడి రాశిని మనం చట్టం లేకుండానే మోస్తున్నాం.

మన్యం వానను సీమకు తెచ్చుకోలేము. 1995 చట్టం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.