యుద్ధకాలపు మోటారు సైకిలు – ఇంజిన్‌కూ ఒక సర్వీసు రిజిస్టరు

ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు ఎటువంటిదో, ఇంజిన్‌కు దానిమీద కొట్టిన అంకెలు అటువంటివి. ఎక్కడ పుట్టింది, ఎన్నిసార్లు మరమ్మతు జరిగింది అన్నది చదవగలిగితే అక్కడే తెలుస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఏ పాత ఇంటి వసారాలోనైనా గోనెపట్టా కప్పిన మిలిటరీ మోటారు సైకిలు ఉంటే, దాని విషయమై సోదర పెన్షనర్లకు నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

మన ఊళ్ళలో పాత బండి ఏదైనా "మిలిటరీ బుల్లెట్" అనడం పరిపాటి. కాని మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది 1955లో. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడినవి ముఖ్యంగా బి.ఎస్.ఎ. ఎం-20, నార్టన్ 16-హెచ్, మ్యాచ్‌లెస్ జి-3ఎల్, రాయల్ ఎన్‌ఫీల్డ్ డబ్ల్యు.డి.-సి. వీటికి వెనుక చక్రం వద్ద స్ప్రింగులు ఉండవు. అదే మొదటి గుర్తు. 496 సి.సి. ఎం-20 ఒక్కటే లక్షా ఇరవై వేలకు పైగా తయారైంది.

1940 నవంబరులో జర్మన్ బాంబులకు బర్మింగ్‌హాంలోని బి.ఎస్.ఎ. కర్మాగారంలో 53 మంది కార్మికులు మరణించారు. అటువంటి రోజుల్లో కొత్త బండి ఎంత అవసరమో, అరిగిన బండిని తిరిగి నిలబెట్టడమూ అంతే అవసరం. ఈ పనికే బ్రిటన్‌లో 1942లోను, మన దేశంలో 1943లోను సైన్యంలో ప్రత్యేక ఇంజినీరింగు దళాలు ఏర్పడ్డాయి.

పెద్ద వర్క్‌షాపుల్లో ఇంజిన్‌ను పూర్తిగా విప్పి, కడిగి, ప్రతి భాగాన్నీ కొలిచేవారు. అరిగిన సిలిండరును బోరు చేసి, పెద్ద పిస్టన్ వేసేవారు. పిస్టన్ తలమీద "+20" అని ఉంటే అంగుళంలో వెయ్యింట 20 వంతులు, అంటే సుమారు అర మిల్లీమీటరు పెరిగిందని అర్థం. బాగైన ఇంజిన్ తన పాత ఫ్రేముకే తిరిగి వెళ్ళాలన్న నియమం లేదు. సిద్ధంగా ఉన్న మరో బండికి ఎక్కేది. కొన్నిటికి మరమ్మతు వివరాలతో చిన్న రేకు బిగించేవారు.

అందుచేత నంబర్లు కలవకపోతే దొంగబండి అనుకోరాదు. నార్టన్ 16-హెచ్‌కు కర్మాగారంలో ఇంజిన్‌కూ ఫ్రేముకూ ఒకే నంబరు వేసేవారు. ఇప్పుడు వేరుగా ఉంటే ఇంజిన్‌గాని ఫ్రేముగాని మారిందన్నమాట. బి.ఎస్.ఎ.కు కొత్తలోనే రెండు నంబర్లు వేరు. ఏ ఇంజిన్ ఏ ఫ్రేముతో బయలుదేరిందో కర్మాగారపు పాత రిజిస్టర్లు చూడాలి. బి.ఎస్.ఎ. రిజిస్టర్లు బ్రిటన్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ భద్రపరచింది.

పుంగనూరులో మా మిత్రుడొకరు తన తండ్రిగారి నార్టన్‌ను మెరుగు పెట్టించబోయారు. నంబర్లు వేరని ఎవరో భయపెడితే, ఆ అంకెలు అరగదీయించి కొత్తవి కొట్టిద్దామనుకున్నారు. క్రాంక్‌కేసు మీద గ్రీజు తుడిస్తే చిన్న రేకు బయటపడింది. పని అక్కడితో ఆపించాము. ఆ అంకెలు పోయి ఉంటే బండి నిజంగానే దొంగబండి లెక్కలోకి వచ్చేది.

ఇది ముచ్చట కోసం చెప్పే మాట కాదు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ పొందవచ్చు. ఛాసీ, బాడీ, ఇంజిన్లలో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. యుద్ధకాలపు సైనిక మరమ్మతు వేరు, నిన్నమొన్న వేరే ఇంజిన్ తగిలించడం వేరు. ఆ తేడా చూపే సాక్ష్యం ఆ అంకెలు, ఆ రేకు, పాత ఆర్.సి. పుస్తకం మాత్రమే.

కాబట్టి నంబర్ల మీద ఎమెరీ కాగితం వేయించకండి. పలుచని కాగితం పరచి పెన్సిల్‌తో రుద్ది నకలు తీసుకోండి. రేకు ఊడదీయకండి. పాత పిస్టన్ పారవేయకండి. ఎంట్రీ కొట్టివేసిన సర్వీసు రిజిస్టరుతో పింఛను ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.