ఉన్నవాళ్ళతోనే ఆట

హిందూపురంలో రైలెక్కి కూర్చున్నామో లేదో మా చెల్లెలు కూతురి పురాణం విప్పింది. పెళ్ళికి పట్టుచీరలు కొందామని ధర్మవరం వెళ్తున్నామన్న మాటేగానీ, దాని మనసు చీరల మీద లేదు.

"అది లేడిపిల్లలా పరుగెత్తుతుందా! ఫుట్‌బాల్ నేర్పే మేష్టారేమో దాన్ని వెనకాల కాపలా పెట్టారక్కా. ఆయన వేసుకున్న పథకంలో అంతేనంట. రాత్రంతా ఒకటే ఏడుపు. ఆట మాన్పించేద్దామనుకుంటున్నా."

అంతలో పెనుకొండ వచ్చింది. కిటికీలోంచి కొండ కనబడుతోంది. 1565లో రాక్షసతంగడి దగ్గర ఓడిపోయాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చుకున్నాడు. పోయిన హంపీని తలచుకుంటూ కూర్చోలేదు. చేతిలో మిగిలిన కొండనే అండగా చేసుకున్నాడు.

"మన హైదరాబాదు రహీం సాబు కూడా ఇదే పని చేశాడే," అన్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకి శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన తయారుచేసిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. థాయిలాండుతో ఆడుతుండగా మన వెనక వరస కొండంత మనిషి జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే ఇంట్లో పడుకోమనేవారే. రహీం మాత్రం ఇతను చదువుకునే రోజుల్లో ముందు వరసలో ఆడేవాడని గుర్తుంచుకుని, సెమీఫైనల్లో గోలు కొట్టే చోట నిలబెట్టాడు. దక్షిణ వియత్నాం మీద చునీ గోస్వామి రెండు, జర్నైల్ ఒకటి కొట్టి 3-2తో గెలిపించారు.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్ళీ కొరియానే. చూసేవాళ్ళు లక్షమంది, చాలామంది మనకి ఎదురే. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకి కట్టుతోనే జర్నైల్ ఇంకొకటి. 2-1. బంగారు పతకం! ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకి మళ్ళీ బంగారం రానేలేదు. అప్పటికే క్యాన్సర్ తినేస్తున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు.

"అయితే బాగా ఆడేవాళ్ళకే పెద్దపీటా?" అంది చెల్లెలు.

ఆ మాటకి నేను కాస్త తడబడ్డాను. ఫైనల్లో పొడగరి తంగరాజ్‌ని గోల్ దగ్గర నిలబెట్టడానికి, అంతదాకా ఆడిన ప్రద్యుత్ బర్మన్‌ని రహీం పక్కన కూర్చోబెట్టాడు. గెలుపులో అలాంటి బాకీ కూడా ఒకటుంటుంది, చెప్పొద్దూ!

ధర్మవరంలో నేతగాళ్ళ ఇంటికి వెళ్ళాం. చూపు మందగించిన పెద్దాయన గోడవార కూర్చుని కండెలు చుడుతున్నాడు. మగ్గం మీద కొడుకు. "నలభై ఏళ్ళు నేసినానమ్మా. కళ్ళు పోయినా చేతులున్నాయి గదా!" అన్నాడు నవ్వుతూ.

మా చెల్లెలు చీరలు పక్కన పెట్టేసి ఆ చేతులకేసే చూస్తూ కూర్చుంది. తిరుగు రైల్లో అంది: "రేపు మేష్టారి దగ్గరికి నేనే వెళ్తానక్కా. మాన్పించడానికి కాదులే. ఒక్కసారి దాని పరుగు చూడమనడానికి."